సెట్టు వేసి తీసిన బొమ్మ మనకేం నేర్పుతుంది?

పెళ్లికి ముందు ఫొటోషూట్ ఇప్పుడు తెలుగునాట పెళ్లిపనుల్లో ఒకటైపోయింది. ముహూర్తం పెట్టుకున్న మర్నాటి నుంచే స్టూడియోవాళ్లతో బేరాలు మొదలవుతాయి. పాడుబడ్డ కోట, రంగురంగుల పొగ, నేలమీద గజాలకొద్దీ జీరాడే గౌను, చెరువు మధ్యలో పూలు నింపిన పడవ. వీటిలో కొన్నిటి మూలం వెతుక్కుంటూ పోతే ఎక్కడో ఒక కళాకారుడో కళాకారిణో నెలల తరబడి కూర్చుకున్న దృశ్యం తగులుతుంది. అది చేతులు మారి ఫోన్‌లోకి వచ్చింది, ఎవరో దాచుకున్నారు, ఫొటోగ్రాఫర్‌కి చూపించి ఇలాగే కావాలన్నారు. దీనికి ప్రేరణ అని పేరు పెట్టుకున్నాం. ఆ పేరు దీనికి చెల్లుతుందా? చెల్లకపోతే, సెట్టు వేసి తీసిన ఒక గొప్ప ఫొటో నుంచి మరొకరు నిజంగా తీసుకోగలిగింది ఏమిటి? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇటువంటి ఫొటోలో పైకి కనిపించే వెలుగు, రంగు, బట్టలు ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. ఎత్తుకుపోయినవాళ్లకి వాటివల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. పనికొచ్చింది ఆ దృశ్యాన్ని కట్టినవాళ్ల ఎంపికలు గమనించడం. ఈ కుర్చీ ఇక్కడెందుకు, ఈ మనిషి చూపు అటెందుకు, ఇన్ని పాత బొమ్మలుండగా దీన్నే ఎందుకు గుర్తు చేయాలి అని అడుగుతూ పోయినవాళ్ల చేతుల్లోనే ఒక ఫొటో ఇంకో మంచి ఫొటోకి దారి తీసింది.

ఫొటోగ్రఫీ అంటే ఉన్నది ఉన్నట్టు చూపేదనీ, సెట్టు వేయడం మధ్యలో అంటుకున్న అలవాటనీ చాలామంది నమ్ముతారు. చరిత్ర ఆ మాట ఒప్పుకోదు. 1839లో ఫ్రెంచి ప్రభుత్వం డాగేర్ పద్ధతిని గుర్తించి ఆయనకి పింఛను ఇచ్చింది. అదే కాలంలో కాగితం మీద ఫొటో తీసే సొంత పద్ధతి కనిపెట్టిన ఇపొలిత్ బయార్‌ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 1840లో ఆయన కళ్లు మూసుకుని, నడుం దాకా గుడ్డ కప్పుకుని, నీళ్లలో మునిగి చనిపోయిన శవంలా కూర్చుని తన ఫొటో తానే తీసుకున్నాడు. డాగేర్‌కి అన్నీ ఇచ్చిన ప్రభుత్వం తనకేమీ ఇవ్వనందుకే ఈ అభాగ్యుడు నీళ్లలో పడి చచ్చాడని అర్థం వచ్చేలా దాని వెనక రాసిపెట్టాడు. ఆ తర్వాత ఇంకో నలభై ఏడేళ్లు నిక్షేపంగా బతికాడు. ఫొటోగ్రఫీకి పట్టుమని రెండేళ్లు నిండకముందే, కట్టుకథలాంటి దృశ్యంతో నిజమైన ఫిర్యాదు చేయడం సాధ్యమైందన్నమాట. 1857లో ఆస్కార్ రైలాండర్ ముప్పైకి పైగా నెగటివ్‌లు కలిపి, సన్మార్గం, దుర్మార్గం మధ్య నిలబడ్డ ఇద్దరు యువకుల కథని ఒకే పెద్ద చిత్రంగా కూర్చి మాంచెస్టర్‌లో ప్రదర్శించాడు. అమరిక రఫేల్ కుడ్యచిత్రాన్ని గుర్తుకు తెస్తుంది. విక్టోరియా రాణి ఒక ప్రతి కొనుక్కుంది. మరుసటి ఏడాది హెన్రీ పీచ్ రాబిన్సన్ అయిదు నెగటివ్‌లతో, క్షయరోగంతో కన్నుమూస్తున్న అమ్మాయినీ చుట్టూ ఇంటివాళ్లనీ చూపించాడు. చూసినవాళ్లలో కొందరు మండిపడ్డారు. అదే దృశ్యం రంగుల్లో గీసి ఉంటే పల్లెత్తు మాట అనేవాళ్లు కాదు. కెమెరా ముందు చావు నటించడమే వాళ్లకి మింగుడుపడలేదు. ఆ పేచీ ఇవాళ్టికీ తెగలేదు. దాని దగ్గరికి మళ్లీ వద్దాం.

ఇరవయ్యో శతాబ్దంలో చేతిలో ఇమిడే కెమెరాలు, బొమ్మల పత్రికలు వచ్చాక, జరుగుతున్న క్షణాన్ని ఒడిసిపట్టడమే ఫొటోగ్రఫీ అన్న భావం గట్టిపడింది. సెట్టు వేయడం స్టూడియోలకీ ప్రకటనలకీ మిగిలింది. 1970ల చివర్లో అది మళ్లీ కళగా తలెత్తడానికి చాలా కారణాలు చెబుతారు గానీ, ముఖ్యమైనది ఒకటే: అప్పటికి జనం సినిమా, టీవీ, ప్రకటనల మధ్య పెరిగి ఉన్నారు, వాళ్లు చూస్తున్న ‘లోకం’లో చాలా భాగం ఎవరో కూర్చి పెట్టిందే. న్యూయార్క్‌లో సిండీ షెర్మన్ 1977 నుంచి 1980 దాకా దాదాపు 70 నలుపు తెలుపు ఫొటోలు తీసింది. అన్నిటిలోనూ వేషం తనదే. ఒకదాంట్లో ఉద్యోగం వెతుక్కుంటూ నగరానికి వచ్చిన అమ్మాయి, ఇంకోదాంట్లో వంటింట్లో ఉలిక్కిపడ్డ ఇల్లాలు. చూస్తే ఏదో పాత సినిమా స్టిల్ అనిపిస్తుంది, కానీ అలాంటి సినిమా ఎక్కడా లేదు. ఆమె సినిమాల నుంచి తీసుకున్నది ఫలానా దృశ్యాన్ని కాదు, ఆడదాన్ని చూపడానికి సినిమా అలవాటు పడ్డ పద్ధతులని. శాండీ స్కోగ్లండ్ దారి వేరు. 1980లో బూడిదరంగు పూసిన ఒక వంటింట్లో ముసలి దంపతుల చుట్టూ ప్లాస్టర్‌తో చేసిన పచ్చటి పిల్లుల్ని నింపింది. మరుసటి ఏడాది నీలం పడకగదిలో నారింజరంగు చేపల్ని వదిలింది. ప్రతి పిల్లీ, ప్రతి చేపా చేత్తో చేసినవే. ఫొటోతోపాటు ఆ సెట్టునీ ప్రదర్శనకి పెట్టేది. గ్రెగరీ క్రూడ్సన్ అయితే సినిమా యూనిట్‌నే దింపేశాడు. మసాచుసెట్స్ రాష్ట్రపు చిన్న ఊళ్లలో, వీధుల్ని మూయించి, క్రేన్ల మీద దీపాలు పెట్టించి, ఛాయాగ్రహణ దర్శకుణ్ణి వేరే నియమించుకుని ఒక్కో ఫొటో తీశాడు. ‘బినీత్ ది రోజెస్’ అనే వరస 2003 నుంచి 2008 దాకా సాగింది. ఎడ్వర్డ్ హాపర్ బొమ్మలూ, హిచ్‌కాక్, స్పీల్‌బర్గ్ సినిమాలూ తనపై పనిచేశాయని ఆయనే చెప్పుకున్నాడు. మన ఫోన్లలో ఎక్కువగా తిరిగేది ఈయన సంధ్యవెలుగే. అనుకరించడానికి అంత సులువుగా కనిపించి, అనుకరించగానే అంత తేలిపోయే వెలుగు ఇంకోటి లేదు. ఎందుకంటే ఆ వెలుగులో నిలబడ్డ మనిషికి ఏదో జరిగిపోయింది, ఏం జరిగిందో మనకి తెలియనివ్వడు. ఆ తెలియనితనాన్ని కాపాడటానికే అన్ని దీపాలు. అది లేకుండా దీపాలొక్కటే తెచ్చుకుంటే మిగిలేది కరెంటు బిల్లు.

ప్రేరణ ఎలా ఉండాలో చూపడానికి కెనడాకి చెందిన జెఫ్ వాల్ 1993లో పూర్తి చేసిన ఒక ఫొటో మంచి సాక్ష్యం. దాని మూలం జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ 1830లలో చెక్కపై చెక్కించి అచ్చువేసిన ఫ్యూజీ కొండ దృశ్యాల్లో ఒకటి: పొలాల మధ్య దారిలో ఒక్కసారిగా గాలి వీస్తుంది, బాటసారులు ఒంగిపోతారు, ఒకరి చేతిలోని కాగితాలు ఆకాశంలోకి ఎగిరిపోతాయి. వాల్ దాన్ని వాంకూవర్ దగ్గరి పొలాల్లోకి తెచ్చాడు. నటుల్ని పెట్టి, ఏడాదికి పైగా వందకి మించిన ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో ఒక్కటిగా కుట్టాడు. దాదాపు నాలుగు మీటర్ల వెడల్పున్న పారదర్శక ఫిల్ముగా వెనక నుంచి వెలుగు వచ్చేలా అమర్చాడు. ఇంత శ్రమా మూలాన్ని మక్కికి మక్కి దించడానికే అయితే దీని గురించి మాట్లాడుకోవాల్సిన పని లేదు. గమనించాల్సింది ఆయన వదిలేసింది. ఫ్యూజీ కొండ లేదు. హొకుసాయ్ బొమ్మలో గాలి ఎంత వీచినా వెనక కదలకుండా నిలబడే ఆ పవిత్రమైన గీత ఇక్కడ మాయమై, చదునైన నేల, మురుగుకాలువ, కరెంటు స్తంభాలు మిగిలాయి. పల్లెటూరి బాటసారుల పక్కనే నగరపు కోటూ టై వేసుకున్న మనుషులు, ఆ పొలంలో వాళ్లకేం పనో తెలియదు. గాలికి ఎగిరేవి ఆఫీసు కాగితాలు. మూలం తెలిసినవాళ్లకి లేని కొండే పెద్దగా కనిపిస్తుంది. మూలంలోని ప్రతి వస్తువునీ పట్టుకుని, ఇది మా ఊళ్లో మా కాలంలో ఏమవుతుంది అని అడిగితే వచ్చిన ఫలితమిది.

అదే పని లండన్‌లో టామ్ హంటర్ చాలా తక్కువ సరంజామాతో చేశాడు. హాక్నీలో ఖాళీ ఇళ్లలో కాపురముంటున్నవాళ్లకి ఖాళీ చేయమని కోర్టు ఉత్తర్వులొచ్చాయి. వాటిమీద పేర్లు లేవు, ‘తెలియని వ్యక్తులకు’ అని మాత్రమే ఉంది. హంటర్ కూడా వాళ్లలో ఒకడే. 1997లో ఒక పొరుగింటి యువతిని కిటికీ పక్కన నిలబెట్టి, చేతిలో ఆ ఉత్తర్వు, ముందు పక్కమీద పసిబిడ్డ ఉండేలా ఫొటో తీశాడు. వెర్మీర్ గీసిన, కిటికీ దగ్గర ఉత్తరం చదువుకుంటున్న అమ్మాయి చిత్రం దీనికి ఆధారం. వెర్మీర్ చిత్రంలో పళ్లపళ్లెం ఉన్న చోట ఇక్కడ బిడ్డ ఉంది. ప్రేమలేఖ కావచ్చనుకున్న చోట ఇల్లు వదలమన్న కాగితం ఉంది. కోర్టు పేరు కూడా రాయని మనిషికి వెర్మీర్ వెలుగులోని గౌరవం దక్కింది. చైనాలో వాంగ్ చింగ్‌సోంగ్ 2000లో నిరాశపడ్డ ఒక మంత్రి ఇంటి విలాసాల్ని చూపే పదో శతాబ్దపు పొడవాటి చిత్రపటాన్ని తిరిగి కట్టి, ఆ మంత్రి స్థానంలో ఒక కళావిమర్శకుణ్ణి కూర్చోబెట్టాడు. మేధావి చూస్తూ కూర్చోవడం తప్ప చేసేదేమీ లేదన్న ఎత్తిపొడుపు వేయేళ్ల నాటి బొమ్మకీ ఇప్పటి చైనాకీ సరిపోయింది.

మన దేశంలో ఈ ప్రశ్నని అందరికన్నా లోతుగా తవ్వింది బెంగళూరుకి చెందిన పుష్పమాల. 1956లో పుట్టిన ఈమె బరోడాలో శిల్పం నేర్చుకుంది. 1990ల మధ్యలో ‘ఫాంటమ్ లేడీ’ అనే వరసలో, స్టంట్ సినిమాల నాయిక నాదియాని తలపిస్తూ ముసుగువీరనారి వేషం కట్టి బొంబాయి వీధుల్లో ఫొటోలు తీయించుకుంది. ఆ తర్వాత 2000 నుంచి 2004 దాకా క్లేర్ ఆర్ని అనే ఫొటోగ్రాఫర్‌తో కలిసి ‘నేటివ్ విమెన్ ఆఫ్ సౌత్ ఇండియా’ అనే పెద్ద పని చేసింది. పేరులోనే ఎకసెక్కెం ఉంది. 1868 నుంచి 1875 దాకా బ్రిటిష్ ప్రభుత్వం ఎనిమిది సంపుటాల్లో ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అచ్చువేసి, ఇక్కడి మనుషుల్ని కులాలుగా, తెగలుగా, నమూనాలుగా వర్గీకరించింది. పుష్పమాల అదే పరిభాషని ఎత్తుకుని దక్షిణాది ‘స్త్రీ నమూనాలు’ తయారుచేసింది. అవి ఎక్కడెక్కడి నుంచి వచ్చాయో చూడండి: రవివర్మ లక్ష్మి, ఆయన వెన్నెల్లో కూర్చోబెట్టిన యువతి, దక్కనీ సుల్తానుల కాలపు యోగిని చిత్రం, కొలతల గళ్ల తెర ముందు నిలబెట్టి తీసిన గిరిజన స్త్రీ ఫొటో, 1970ల తమిళ సినిమా స్టిల్, దొంగతనం కేసులో దొరికారని పోలీసులు నిలబెట్టిన ఆడవాళ్ల వార్తాపత్రిక ఫొటో. అన్నిటిలోనూ దేహం పుష్పమాలదే. చేత్తో గీసిన తెరలు, కుట్టించిన బట్టలు, నగలు, ప్రతిదీ మూలానికి దగ్గరగా తెచ్చారు. లక్ష్మికి ఎంత శ్రద్ధ పెట్టారో దొంగ అని ముద్రపడ్డ స్త్రీకీ అంతే పెట్టారు. దేవతా, నేరస్థురాలూ, తారా, ‘ఆటవికురాలూ’ ఒకే ముఖంతో పక్కపక్కన నిలబడేసరికి, ఈ ముద్రలు ఆడవాళ్ల ఒంట్లోంచి పుట్టలేదనీ, బొమ్మ తీసినవాళ్ల చూపులో ఉన్నాయనీ వేరే వ్యాఖ్యానం లేకుండానే తెలిసిపోతుంది. ఆ బొమ్మలు తయారవుతుండగా తీసిన ఫొటోల్ని కూడా ఆ పనిలో భాగంగానే చూపించారు. దాచిపెట్టాల్సిన రహస్యమేమీ అక్కడ లేదు.

ఇందులో ఇంకో మలుపుంది. రవివర్మ బొమ్మలే ఒక రకంగా సెట్టు వేసినవి. ఆయన మనుషుల్ని కూర్చోబెట్టి గీశాడు, ఫొటోల్ని వాడుకున్నాడు, ఆ కాలపు నాటకాల భంగిమలు ఆయన చిత్రాల్లో తెలుస్తూనే ఉంటాయి. 1894లో బొంబాయిలో పెట్టిన అచ్చుయంత్రం ఆ లక్ష్మినీ సరస్వతినీ ఇంటింటి పూజగదిలోకీ తెచ్చింది. తెలుగు పౌరాణిక సినిమా దేవతల చీరకట్టులో, కిరీటంలో ఆ అచ్చుల నీడ ఉంది. అందుకే 2020లో చెన్నై ఫొటోగ్రాఫర్ జి. వెంకట్‌రామ్ రవివర్మ చిత్రాల్ని సమంత, రమ్యకృష్ణ, మంచు లక్ష్మి వంటి తారలతో తిరిగి కట్టి, సుహాసిని నడిపే సేవాసంస్థ కోసం క్యాలెండరు తీసినప్పుడు అది తెలుగువాళ్లలో అంతగా చుట్టి వచ్చింది. పనితనంలో ఆ క్యాలెండరుకి వంక పెట్టలేం. రంగుల పొందిక, బట్టల ముడతలు, చేతివేళ్ల వాలు అన్నీ కుదిరాయి. కానీ పుష్పమాల లక్ష్మి పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. క్యాలెండరు రవివర్మకి నమస్కారం పెడుతుంది. పుష్పమాల ఆయన్ని పలకరించి, ఈ స్త్రీ ఇలాగే ఎందుకుండాలని నిలదీస్తుంది. నివాళి కోసం, విరాళాల కోసం చేసిన పనిని ఆ ప్రయోజనంతోనే కొలవాలి, కాబట్టి దాన్ని తక్కువ చేయడం న్యాయం కాదు. అయితే యువ ఫొటోగ్రాఫర్ తన దారి వెతుక్కోవడానికి ఏది ఎక్కువ సాయపడుతుందంటే రెండోదేనని నేను తడుముకోకుండా చెబుతాను.

ఇప్పుడు అభ్యంతరాలు. మొదటిది పాతదే: ఇదంతా అబద్ధం, కెమెరాకున్న ఒకే ఒక్క బలం సాక్ష్యం చెప్పడం, దాన్ని చేజేతులా వదులుకోవడమేమిటి? ఈ మాటలో బరువుంది. నిజమని చెప్పుకుంటూ సెట్టు వేసిన సందర్భాలు మన దేశ చరిత్రలోనే ఉన్నాయి. 1857 నవంబరులో లక్నో సికిందర్‌బాగ్‌లో బ్రిటిష్ సైన్యం దాదాపు రెండువేల మంది తిరుగుబాటు సిపాయిల్ని చంపింది. ఫెలిస్ బియాటో అక్కడికి చేరింది నెలల తర్వాత, 1858లో. అయినా ఆయన ఫొటోలో అస్థిపంజరాలు నేలంతా పరుచుకుని ఉన్నాయి. ఫొటో కోసమే వాటిని తెచ్చి పరిచారని పరిశోధకులు చెబుతారు. మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ ధాత కరువు. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని, అందులోనూ కడప, కర్నూలు, బళ్లారి జిల్లాల్ని ఊడ్చేసిన ఆ కరువులో విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి ఎముకలగూళ్లుగా మారిన మనుషుల్ని గుంపులుగా అమర్చి ఫొటోలు తీశాడు. అలా కూర్చోబెట్టడాన్ని ఆ రోజుల్లోనే తప్పుపట్టారు. తర్వాత బర్మాలో ఖైదీల్ని కాల్చేటప్పుడు ఫొటో కోసం ఆలస్యం చేయించాడన్న ఆరోపణ మీద ఆయన విచారణ ఎదుర్కొన్నాడు. హూపర్ ఫొటోలు కరువుకి సాక్ష్యాలే, కాదనలేం. ఆ ఆకలి నటన కాదు. దోషం అమర్చడంలో లేదు, అమర్చినవాడికీ అమరినవాళ్లకీ మధ్యనున్న అధికారంలో ఉంది. బయార్ శవంగా కూర్చున్నది తనంతట తాను. బియాటో పరిచిన ఎముకలకి గొంతు లేదు. కాబట్టి సెట్టు ఫొటోని నిజమా అబద్ధమా అని అడిగితే జవాబు తేలదు. అడగాల్సినవి వేరే రెండు ఉన్నాయి: చూసేవాళ్లకి ఇది కూర్చిన దృశ్యమని తెలుసా, అందులో నిలబడ్డవాళ్లకి అందులో పాలు ఉందా? క్రూడ్సన్, వాల్, పుష్పమాల మొదటి ప్రశ్న దగ్గర నెగ్గుతారు. రెండో ప్రశ్నకి మంచి జవాబు గౌరీ గిల్ దగ్గరుంది. 2015 నుంచి మహారాష్ట్ర జవ్హార్ ప్రాంతంలో, బొహాడా ఉత్సవానికి కాగితపుగుజ్జు ముఖాలు చేసే ఆదివాసీ కళాకారుల్నే అడిగి ఆమె కొత్త ముఖాలు చేయించింది. దేవుళ్ల ముఖాల బదులు రోజువారీ మనుషులు, జంతువులు, వస్తువులు. ఊరివాళ్లు అవి తగిలించుకుని ఆస్పత్రిలో, ఇంటి అరుగుమీద, దుకాణంలో మామూలుగా పనులు చేసుకుంటుంటే తీసింది. దృశ్యం ఒక్కరి బుర్రలోంచి రాలేదు, ముఖం చేసినవాళ్లకీ వేసుకున్నవాళ్లకీ అందులో చేయి ఉంది.

డబ్బున్నవాళ్ల ఆట ఇది అన్నది రెండో అభ్యంతరం. క్రూడ్సన్‌ని చూస్తే అలాగే అనిపిస్తుంది. కానీ ఈ చరిత్రలో ఖరీదైన ఫొటోల కన్నా చవకైనవే ఎక్కువ. కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్‌కి నలభై ఎనిమిదో ఏట కెమెరా కానుకగా వచ్చింది. కోళ్లగూడుని స్టూడియోగా మార్చుకుని, ఇంటి పనిమనిషిని మేరీమాతగా నిలబెట్టి తీసిన ఆ ఫొటోలు ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి. షెర్మన్ తొలి ఫొటోలు చాలావరకు సొంత ఇంట్లో, పాతబట్టల దుకాణాల సరుకుతో తయారయ్యాయి. సియోల్‌లో జీయంగ్ లీ ఒకే చిన్న గదిలో నెలల తరబడి కాగితం, దారం, ప్లాస్టిక్‌తో ఒక లోకం కట్టి, ఒక్క ఫొటో తీసి, దాన్ని కూల్చి మళ్లీ ఇంకోటి కడుతుంది, కంప్యూటర్ ముట్టుకోదు. వీళ్లు ఖర్చుపెట్టింది కాలం. కాలం కూడా అందరికీ దొరకదన్న మాట నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు.

మూడోది నా వాదన మీదే వచ్చే అభ్యంతరం. నేర్చుకునేవాడు ముందు అనుకరించే నేర్చుకుంటాడు కదా, పైపై రూపం ఎత్తుకుంటే తప్పేమిటి? పలక మీద ఓనమాలు దిద్దినట్టు క్రూడ్సన్ వెలుగుని ఒకసారి దించి చూడటంలో తప్పేమీ లేదు. దించుతుంటేనే ఆ వెలుగు ఎటునుంచి వస్తోందో తెలుస్తుంది. దిద్దిన పలకని సొంత కావ్యమని అమ్మినప్పుడే చిక్కు. ఇక్కడ చట్టం కూడా కొంత వెలుగునిస్తుంది. 2005లో అమెరికాలో, ఒక క్రీడాకారుడి ఫొటోని పోలిన ప్రకటన మీద వచ్చిన కేసులో న్యాయమూర్తి లూయిస్ కాప్లన్ ఫొటోలోని సొంతదనాన్ని మూడు చోట్ల చూశాడు: తీసిన తీరు, క్షణాన్ని పట్టుకోవడం, దృశ్యాన్నే సృష్టించడం. ఎదురుగా ఉన్న భవనాన్ని ఎవరైనా తీయవచ్చు. మనుషుల్ని, వస్తువుల్ని ఒకరు కావాలని అలా అమర్చినప్పుడు ఆ అమరికే వాళ్ల సొత్తవుతుంది. అంతకుముందు 1992లో, ఒక దంపతులు కుక్కపిల్లల్ని ఎత్తుకున్న ఆర్ట్ రోజర్స్ ఫొటోని శిల్పంగా చేయించిన జెఫ్ కూన్స్ కోర్టులో ఓడిపోయాడు. 2011లో గాయని రిహానా పాట వీడియో తన ఫొటోల్ని దించిందని డేవిడ్ లాషాపెల్ కేసు వేస్తే, కోర్టు దాన్ని కొట్టేయడానికి ఒప్పుకోలేదు; చివరికి రాజీ కుదిరింది. మన 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఫొటోకి, తీసిన మనిషి బతికున్నంతకాలమూ, ఆ తర్వాత అరవై ఏళ్లూ రక్షణ ఉంది. ఎంపికలే అసలు సరుకని నేను అంటున్నాను, చట్టం కాపాడేదీ వాటినే. అందుకే ఒకరి ఎంపికల ఫలితాన్ని కాకుండా, ఎంచుకునే పద్ధతిని తెచ్చుకోవాలి. వాల్ హొకుసాయ్ నుంచి తెచ్చుకున్నది అదే. దాచుకోనూ లేదు, బొమ్మ పేరులోనే హొకుసాయ్‌ని చేర్చుకున్నాడు.

చివరి అభ్యంతరం కొత్తది. ఇప్పుడు నాలుగు మాటలు టైపు చేస్తే పచ్చపిల్లులు నిండిన వంటిల్లు నిమిషంలో తెరమీదికి వస్తుంటే ప్లాస్టర్ కలుపుకుంటూ కూర్చోవడమెందుకు? 2023లో బోరిస్ ఎల్డాగ్సెన్ అనే జర్మన్ కళాకారుడు సోనీ ప్రపంచ ఫొటోగ్రఫీ పోటీల్లో ఒక విభాగంలో గెలిచి, అది కృత్రిమ మేధ చేసిన బొమ్మ అని చెప్పి బహుమతి వద్దన్నాడు. ఫొటోకీ దానికీ తేడా కంటికి తెలియడం లేదని అందరికీ అర్థమైంది. అయినా సెట్టు కట్టేవాళ్లకి యంత్రం ఇవ్వలేనిది ఒకటుంది, అది అడ్డంకి. మట్టి ఎండదు, తెర సరిగా వేలాడదు, పసిబిడ్డ ఏడుస్తుంది, గాలి అనుకున్నప్పుడు వీయదు. ఈ అడ్డంకుల దగ్గరే మనిషి ఆగి, ఇది నిజంగా కావాలా అని తన్ను తాను అడుగుతాడు. అనవసరమైనవి అక్కడే రాలిపోతాయి. యంత్రం దేనికీ ఎదురు చెప్పదు కాబట్టి ఫ్రేములోకి అన్నీ వచ్చి చేరతాయి, దేనికీ కారణం ఉండదు. యంత్రాన్ని సాధనంగా వాడి గొప్ప పని చేసేవాళ్లు రారని దీని అర్థం కాదు. వాళ్లు అడ్డంకుల్ని తామే కల్పించుకోవాల్సి ఉంటుంది, అంతే.

తెలుగువాళ్లకి ఇది పరాయి విద్యేమీ కాదు. హైదరాబాద్‌లో 1892లోనే రాజా దీన్‌దయాళ్ ఘోషా స్త్రీల కోసం విడిగా జనానా స్టూడియో నడిపించాడు. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి నాటకసమాజం తరాల తరబడి తెరలతో, తీగలతో, దీపాలతో మాయాబజారులు కట్టింది. పగటివేషగాళ్లు రంగస్థలమే లేకుండా వీధిలో లోకాన్ని సృష్టించి, చివరి రోజున తామెవరో చెప్పి సంభావన పుచ్చుకునేవాళ్లు. సినిమాహాళ్ల ముందు యాభై అడుగుల కటౌట్లు గీసిన చిత్రకారులు, ఫ్లెక్సీ వచ్చి పని పోగొట్టుకున్నా, మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వీళ్లందరి దగ్గరా ఉన్న పరిజ్ఞానం క్రూడ్సన్ యూనిట్ దగ్గరున్న దానికి తీసిపోదు. మన ఫొటోగ్రాఫర్లు కోట గోడల్ని డౌన్‌లోడ్ చేసుకోవడానికి ముందు ఆ తెర గీయగలిగిన మనిషి తలుపు తట్టాలి, చేసిన పనికి ఆయన పేరు వేయాలి, సరైన కూలీ ఇవ్వాలి. ఫొటోగ్రఫీ నేర్పే కళాశాలలు విద్యార్థి సెట్టు కట్టి తెచ్చిన ప్రతి ఫొటోతోపాటు దాని మూలమేదో, అందులోంచి తను ఏం తీసేశాడో, ఏం మార్చాడో ఒక పేజీ రాయించి మార్కులు వేయాలి. ఇక పెళ్లి ఫొటోలు తీయించుకునే జంటలకి ఒక మనవి: ఫోన్‌లో దాచుకున్న బొమ్మ చూపించేటప్పుడు అది ఎవరు తీసిందో కూడా తెలుసుకుని చూపించండి.